గుండ్రటి కొస

షావుకారు నగరేశ్వరరావు ఎడమ దవడ కింద ఒక రక్తపు చుక్క పుట్టింది. సబ్బు నురగలోకి దిగి లేత గులాబీ రంగు తిరిగింది. జగన్నాధం కత్తి ఎత్తేశాడు. కత్తి ఎత్తినా చెయ్యి మాత్రం గాలిలో ఇంకా కొంచెం కొంచెం కదులుతూనే ఉంది. ఆ చెయ్యి తనది కానట్టు దానివైపు ఓసారి చూసి, ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుని, పటిక ముక్క తడిపి గాటు మీద అద్దాడు.

షావుకారు కళ్ళు తెరవలేదు. నూతి పక్కన రాతి పలక, పలక మీద పీట, పీట మీద ఆయన, ఆయన ఎదురుగా గొంతుక్కూచున్న జగన్నాధం. బుధవారం, ఆదివారం పొద్దున్నే బొబ్బిలి బజారు వీధిలో ఆ ఇంటి పెరట్లోకి తొంగి చూసినవాళ్ళకి ఏళ్ళ తరబడి కనబడేది ఇదే. ఇవాళ అందులోకి కొత్తగా వచ్చింది ఆ చుక్క ఒక్కటే.

పెరటి గుమ్మంలో నిలబడ్డ షావుకారు భార్య పార్వతీదేవి చూసింది. ఆవిడ పక్కన పళ్ళు తోముకుంటున్న కొడుకు ఆనంద్‌కుమార్ కూడా చూశాడు. నాలుగు తిట్టి ఉంటే జగన్నాధానికి మనసు కుదుటపడేది. ఆనంద్‌కుమార్ నోట్లో నురగ ఉమ్మేసి, తండ్రి వైపు ఒక చూపు చూసి లోపలికి పోయాడు. ఆ చూపు జగన్నాధానికి నచ్చలేదు.

పని ముగిసింది. జగన్నాధం కత్తి తుడిచి, మడిచి, అడపంలో పెట్టుకున్నాడు. అడపమంటే తోలు సంచి. అందులో రెండు కత్తులు, నూరుకునే రాయి, పదును సాపు చేసుకునే తోలుపట్టీ, గిన్నె, బ్రష్షు, పటిక. తండ్రి నుంచి వచ్చిన సంచి అది, తోలు నల్లబడి అద్దంలా మెరుస్తూ ఉంటుంది. పార్వతీదేవి పనిపిల్లని పంపకుండా తనే వచ్చి గట్టు మీద పేపరు గ్లాసులో టీ పెట్టింది. పూర్వం గోడ గూట్లో అతనికని ఒక గాజు గ్లాసు ఉండేది, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించి పోవాలి. పేపరు గ్లాసులు వచ్చాక ఇరుపక్షాలకీ ఆ ఇబ్బంది లేకుండా పోయింది.

"జగన్నాధం," అన్నాడు షావుకారు, దవడ తడుముకుంటూ. "నాకో కత్తి కావాలయ్యా."

"కత్తేటి బాబూ?"

"నీదాంలాంటిదే. మడత కత్తి. నా గెడ్డం నేనే గీసుకోడం నేర్చుకుందాఁవనుకుంటన్నాను. కత్తి నువ్వే ఏరిపెట్టాల. నేర్పడం కూడా నువ్వే."

"అలాగే బాబూ, అదెంత పని," అన్నాడు జగన్నాధం. టీ సగంలో వదిలేసి అడపం చంకన పెట్టుకుని, పెరటి తలుపు తోసుకుని సందులోకి దిగాడు. తలుపు ఎప్పటిలాగే కిర్రుమంది.

ఊళ్ళో అందరూ సెలూన్లు మరిగారు. మిగిలింది ఈ ఇల్లొక్కటే. షావుకారుకి సెలూన్లో పాటలు పడవు, పారేసే బ్లేళ్ళతో గీస్తే మెడంతా పొక్కులు పొక్కుతుంది, అంచేత మిగిలింది. సాలూరు లారీ స్టాండు దగ్గర జగన్నాధం కొడుకు వెంకీకి ఏసీ సెలూనుంది, తిరిగే కుర్చీలున్నాయి. వచ్చినప్పుడల్లా, "అయ్యా, ఇంక ఇంటికాడ కూకో," అంటాడు. ఈ ఇల్లు కూడా పోతే అడపం మేకుకెక్కుతుంది. అడపం మేకుకెక్కిన రోజున తను మంచమెక్కుతాడు. ఆ సంగతి జగన్నాధానికి తెలుసు. తెలిసి, తనని సాగనంపే కత్తిని తనే ఏరిపెట్టాలి. ఎంత చక్కటి పని అప్పజెప్పాడో షావుకారు, అనుకుని, సందు మొగలో మురికి కాలవలోకి కాండ్రించి ఉమ్మేశాడు.

మర్నాడు ఇద్దరూ విజయనగరం బస్సెక్కారు. ఇద్దరు కూచునే సీటులో షావుకారు కిటికీ పక్కకి జరిగి, పక్కన చేత్తో తట్టి చూపించాడు. జగన్నాధం సీటు చివర సగం ఆనించి కూచున్నాడు. దారి పొడుగునా షావుకారు మినుముల ధర గురించి మాట్లాడాడు. జగన్నాధం ఊఁ కొట్టాడు. ప్రతి మలుపులోనూ బస్సు అతన్ని షావుకారు మీదికి తోస్తే, ప్రతిసారీ ముందు సీటు కమ్మీ పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు.

గంటస్తంభం వెనక సందులో సెలూను సామాన్ల దుకాణముంది. బయట తిరిగే కుర్చీలు, లోపల మిషన్లు, రంగు డబ్బాలు, జుట్టు కత్తిరించడం నేర్చుకునే రబ్బరు తలకాయలు. ఓనరు మురళీమోహన్ మడత కత్తి అనగానే నవ్వాడు.

"ఇప్పుడెవరడుగుతన్నారండి. మా నాన్న తెచ్చిన సరుకు కొంచెం ఉండాల, ఉండండి."

అటక మీంచి రేకు డబ్బా ఒకటి దించాడు. నూనె కాగితాల్లో చుట్టిన కత్తులు బయటికొచ్చాయి. సగానికి తుప్పు పట్టింది. రెండింటికి పిడి ఊడిపోయింది. చివరికి గాజు బల్ల మీద పనికొచ్చేవి రెండే మిగిలాయి.

ఒకటి తెల్ల పిడిది. కోసే అలుగు వెడల్పు, అద్దంలా మెరుస్తోంది, కొస సూదిలా మూల తేరి ఉంది. రెండోది నల్ల కొమ్ము పిడిది. అలుగు సన్నం, వీపు మందం, కొస గుండ్రం. చూడ్డానికి పెద్ద గొప్పగా లేదు.

నగరేశ్వరరావు రెండింటినీ చెరో అరచేతిలో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, తక్కెడలా చేతులు ఆడించాడు. బెల్లం దిమ్మయినా, చింతపండు ఉండయినా, కత్తయినా ఆయనకి ముందు తెలియవలసింది బరువే. "నల్లది బరువుగా ఉంది," అని ఒక మాట అని, రెండూ జగన్నాధం ముందు పెట్టాడు.

జగన్నాధం తెల్లదాని అలుగుని గోటితో మీటాడు. టింగుమని మోగి, ఆ మోత కాస్సేపు నిలిచింది. నల్లదాన్ని మీటితే టక్కుమని ఊరుకుంది. రెండూ తిప్పి చూశాడు. చూడక్కర్లేదు, డబ్బా తెరిచినప్పుడే తెలిసిపోయింది. కొత్త చేతికి గుండ్రటి కొస కావాలి. చెయ్యి తప్పినా మూల చర్మంలో దిగదు. వీపు మందంగా ఉంటే నూరడంలో పొరపాటు జరిగినా పదును చెడదు. తెల్లది చేతివాటం కుదిరినవాడి కత్తి. అలుగు పల్చన, అటూ ఇటూ ఏమాత్రం ఒరిగినా చెంప చీరేస్తుంది. తన తండ్రి తన చేతిలో మొదట పెట్టింది నల్లదాంలాంటిదే. అతని చూపుడు వేలు నల్లదాని కొస మీద ఆగింది, అటూ ఇటూ రాసింది, మళ్ళీ ఆగింది.

"ఇది పుచ్చుకోండి బాబూ," అన్నాడు, తెల్లది ముందుకి తోసి.

మురళీమోహన్ తలెత్తాడు. "కొత్తగా పట్టేవాళ్ళకి..."

"నాకు తెల్దేటి," అన్నాడు జగన్నాధం.

మురళీమోహన్‌కి రెండింట్లో ఏదమ్మినా ఒకటే, ఊరుకున్నాడు. షావుకారు జగన్నాధం ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "నువ్వు చెప్పాక తిరుగేముంది," అని తెల్లది పొట్లం కట్టించాడు. నల్లది నూనె కాగితంలోకి, కాగితం డబ్బాలోకి, డబ్బా అటక మీదికి పోయాయి.

తిరుగు బస్సులో జగన్నాధం నిద్రపోతున్నట్టు నటించాడు. అతనికి సిగ్గేసింది. కాని ఆ సిగ్గు కింద ఎక్కడో హాయిగా కూడా ఉంది. నాలుగు సార్లు చీరుకుంటాడు, విసుగెత్తుతాడు, కత్తి బీరువాలో పడేసి, జగన్నాధం రావయ్యా అంటాడు. అంతేగా. ప్రాణం పొయ్యే గాటేం కాదు. అలా తనకి తను చెప్పుకుంటూ, బొబ్బిలి వచ్చేదాకా కళ్ళు తెరవలేదు.

పాఠం కాయతో మొదలైంది. లేత బూడిద గుమ్మడికాయ ఒళ్ళంతా గరుకు నూగుంటుంది. తొక్క గీరుకోకుండా ఆ నూగు దించగలిగినవాడికే మనిషి చెంప అప్పగిస్తారు. జగన్నాధం తండ్రి అలా నేర్చాడు, జగన్నాధం అలా నేర్చాడు. వెంకీ మాత్రం సాలూరులో ఎవరి దగ్గరో నేరుగా బ్లేడు పట్టేశాడు.

షావుకారు గిన్నెలో సబ్బు కలిపి, పీట మీద కూచుని, కాయని ఒళ్ళో పెట్టుకుని నురగ పట్టించాడు. గుమ్మంలోంచి చూసిన పార్వతీదేవి చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"పెళ్ళికొడుకు బావున్నాడు," అంది.

"వీపు కొంచెం ఎత్తాల బాబూ," అన్నాడు జగన్నాధం. "పడుకోబెడితే కొయ్యదు, నిలబెడితే సీరేస్తాది. మద్దిన ఉన్నాది సోటు. ఎడం సేత్తో తొక్క లాగి పట్టాల. లాగితేనే కత్తి జారతాది."

"ఇలాగా?"

"అలక్కాదు."

ఎలాగో మాటల్లో చెప్పడం చేతకాలేదు. జగన్నాధం చెయ్యి చాచి షావుకారు మణికట్టు పట్టుకుని వంచాడు. షావుకారు ముఖం మీద అతని వేళ్ళు తిరగని చోటు లేదు. ముక్కు పట్టుకుని ఎత్తాడు, పెదవి లాగాడు, చెవి మడిచాడు. అది పని. చెయ్యి మాత్రం ఇన్నేళ్ళలో ఎప్పుడూ పట్టుకోలేదు. షావుకారు అరచెయ్యి అనుకున్నదానికంటే గరుకుగా ఉంది, గోనెసంచుల కుట్లు లాగి లాగి కాయలు కాసి ఉంది.

తెల్ల కత్తి కొస కాయలోకి దిగింది. తొక్క విచ్చుకుని తెల్లటి కండ కనబడింది. జగన్నాధానికి సంతోషం వేసింది, వెంటనే ఆ సంతోషం మీద అసహ్యం వేసింది. "మొదట్లో అలగే అవుతాది," అన్నాడు.

గెడ్డానికైతే మంగళవారం, శుక్రవారం, శనివారం పనికిరావు గాని, కాయకి వారాల పట్టింపు లేదు. అంచేత రోజూ రమ్మన్నాడు షావుకారు. రోజూ ఒక కాయ. చీరుకుపోయిన కాయల్ని పార్వతీదేవి ముక్కలు తరిగి, పిండిలో కలిపి, డాబా మీద వడియాలు పెట్టేది. "మీ చదువు పూర్తయ్యేసరికి వీధి వీధంతటికీ సరిపోతాయి," అనేది. ఆనంద్‌కుమార్ కొట్టుకి పోతూ పోతూ ఆగి, తండ్రి ఒళ్ళో కాయనీ, ఎదురుగా జగన్నాధాన్నీ చూసి, చెప్పులేసుకునేవాడు.

నేర్పేవాడు నేల మీద గొంతుక్కూచుంటే కాయ కనబడదు. మొదటి రోజే షావుకారు ఇంకో పీట వేయించాడు. పాఠం సాగినకొద్దీ టీ రెండు సార్లు వచ్చేది, పేపరు గ్లాసులోనే. జగన్నాధం ఇంట్లో భార్య మరిడమ్మ, "రోజూ ఎల్తన్నావేటి, గెడ్డం పొద్దుకో మూర పెరుగుతన్నాదేటి ఆయనకి," అని అడిగింది. "సదువు సెప్తన్నాను," అన్నాడు జగన్నాధం. అన్నాక ఆ మాట తనకే బావుండి, అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, షావుకారు నేర్చుకుంటున్నాడు. విసుగన్నది ఆ మనిషికి లేదు. చీరుకుపోయిన చోట వేలు పెట్టి, ఎందుకు చీరుకుందో చూసి, రెండోసారి అక్కడ నెమ్మదించేవాడు. తోలుపట్టీ మీద కత్తిని వీపు ముందుగా లాగడం, చివర అలుగుని గాలిలో కాకుండా వీపు మీదుగానే తిప్పడం, ఇవన్నీ కొట్లో కొత్త తక్కెడ చూసుకున్నంత శ్రద్ధగా చేశాడు. అంత చెడ్డ కత్తితో అంత బాగా చేస్తుంటే చూడ్డం జగన్నాధానికి కష్టంగా ఉండేది. గుండ్రటి కొసయితే ఈ పాటికి నాలుగు కాయలు గీరుకోకుండా వచ్చేసేవి. నాలుక చివరిదాకా వచ్చిన మాటని అతను రోజూ టీతో మింగేసేవాడు.

శనివారం నాడు కాయ గీరుకోకుండా వచ్చింది. ఒక్క గాటు లేదు. షావుకారు కాయని కడిగి, ఎండలో తిప్పి తిప్పి చూశాడు. అంతసేపూ చూసి, కాయ పక్కన పెట్టి, ఆ గాటు పడ్డ రోజు నుంచీ కత్తి తగలని తన చెంపకి నురగ రాసుకున్నాడు.

"ఇయ్యాల శెనోరం బాబూ," అన్నాడు జగన్నాధం.

"ఒక్క చెంపే. చూద్దారి."

"ఒద్దు బాబూ. రేపు పొద్దున్న పడదాం."

షావుకారు అప్పటికే గోడకి తగిలించిన అద్దం ముందు నిలబడి, ఎడమ చేత్తో చెంప లాగి పట్టుకున్నాడు. కత్తి చెవి దగ్గర ఆనింది. ఒక లాగు బాగానే వచ్చింది, నురగ కింద నున్నటి చారొకటి పడింది. రెండో లాగుకి అద్దంలో కుడి ఎడమలు తికమకపడ్డాయి, చెయ్యి ఒరిగింది, సూది కొస చెవి కింద దిగింది.

ఈసారి చుక్క కాదు. మెడ మీంచి బనీనులోకి ధారగా కారింది. జగన్నాధం లేచి కత్తి లాగేసుకుని, తువ్వాలు మడిచి గట్టిగా అదిమి పట్టాడు. అదిమిన చెయ్యి వణకలేదు. పార్వతీదేవి పసుపు డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, ఆనంద్‌కుమార్ మెట్లు దిగొచ్చాడు.

"ఈ కత్తి ఎవరు కొనమన్నారు?" అంది ఆవిడ. జగన్నాధం వైపే చూస్తూ అంది. "కొత్తవాళ్ళకి ఇలాటిదా ఇచ్చేది? చూస్తేనే భయమేస్తన్నాది."

జగన్నాధం నోరు తెరిచాడు.

"నేనే," అన్నాడు షావుకారు, తువ్వాలు కింద నుంచి. "జగన్నాధం నల్లది పుచ్చుకోమన్నాడు. ఇది తళతళలాడుతంటే ముచ్చటపడి నేనే తెచ్చుకున్నాను. వెళ్ళండి, వెళ్ళి ఏదైనా గుడ్డ ముక్క తెండి."

వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. పెరట్లో నూతి గిలక మీద కాకి ఒకటి వాలి, మళ్ళీ ఎగిరిపోయింది.

"అది నాను ఏరినాను కద బాబూ," అన్నాడు జగన్నాధం.

"తెలుసు."

"నల్లది మంచిది."

"అదీ తెలుసు. ఎన్నేళ్ళబట్టి కొట్లో కూచుంటన్నానయ్యా. మనిషి వేలు ఏ సరుకు మీద ఆగుతాదో, నోరు ఏ సరుకు అడుగుతాదో చూసుకోడమే కదా నా పని. నీ వేలు నల్లదాన్ని వదల్లేదు. నోరు తెల్లదంది." నొప్పికి ముఖం ముడుచుకుని, మళ్ళీ అన్నాడు. "సరే, నేను నేర్చుకోడం ఇతనికి ఇష్టం లేదనుకున్నాను. నాకూ నేర్చుకోవాలని తొందరేం లేదు. చెడ్డ కత్తయితే చదువు ఎక్కువ రోజులు సాగుతాదని కొన్నాను."

జగన్నాధానికి అర్థం కాలేదు. ముఖం చూసి షావుకారే చెప్పాడు.

"ఆవేళ నాకు గాటు పడింది కదా. నీ చెయ్యి వణుకు చూసి, ఒక్క గాటు పడినా ఇంక నిన్ను గుమ్మం తొక్కనివ్వొద్దని ఆనంద్ ముందునుంచీ అంటన్నాడు. మా ఆవిడదీ అదే మాట. గీయించుకుంటానంటే ఒప్పుకోరు. నేర్చుకుంటానంటే నువ్వు రాక తప్పదు కదా. అందుకని."

ఇది విని జగన్నాధం మురిసిపోవాలి. అతని కళ్ళల్లో నీళ్ళు తిరగాలి. అలాంటిదేమీ జరగలేదు. తువ్వాలు అదిమి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముందు సిగ్గుపడ్డాడు. ఆ తరవాత కోపం వచ్చింది, ఎప్పుడూ ఎరగనంత కోపం. తను నేర్పుతున్నాననుకున్నాడు. సదువు సెప్తన్నానని ఇంట్లో చెప్పుకున్నాడు. తీరా చూస్తే అది చదువూ కాదు, పనీ కాదు. షావుకారు జాలిపడి, ఇంట్లోవాళ్ళకి తెలియకుండా, తనకి వేసిన పీట. ఆ జాలి కూడా పెరటి దారినే వచ్చింది.

రక్తం ఆగాక పటిక అద్ది, గుడ్డ కట్టి, తువ్వాలు ఉతికి ఆరేసి, అడపం తీసుకున్నాడు. టీ ముట్టుకోలేదు.

"రేపొస్తావా?" అన్నాడు షావుకారు.

"వస్తాను బాబూ," అన్నాడు. "ఇంకా సదువు అవనేదు కదా."

ఇంటికి పోయి చూరు కింద కూచుని, అడపంలోంచి రెండో కత్తి తీశాడు. తండ్రి ఇచ్చినది. నూరి నూరి అలుగు వేలంత మిగిలింది, కొస గుండ్రం మాత్రం చెక్కుచెదరలేదు. దసరాకి బొట్టు పెట్టడం తప్ప దాన్ని పైకి తియ్యడు. ఇంటివాళ్ళది కాని చెయ్యి దాని మీద పడకూడదని తండ్రి మరీ మరీ చెప్పాడు. రాయి మీద నీళ్ళు చల్లి నూరడం మొదలుపెట్టాడు. చెయ్యి వణికితే ఆగాడు, ఆగాక మళ్ళీ నూరాడు. మరిడమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"అది తీసినావేటి?"

"పనుంది."

"నీ మొకం సూసుకున్నావా? గెడ్డం సూడు, జడలు కట్టేలాగున్నాది. ఎంకీ ఒచ్చినప్పుడైనా గీయించుకోవు."

జగన్నాధం గెడ్డం తడుముకున్నాడు. చెయ్యి వణుకు పట్టాక తన గెడ్డం తను గీసుకోలేదు. ఊళ్ళో ఇంకొకరి ముందు కూచోవడానికి మనసొప్పలేదు. తెల్లటి గెడ్డం దట్టంగా, మెత్తగా పెరిగి ఉంది. "రేపు తీయిస్తాను," అన్నాడు.

ఆదివారం పొద్దున్న సందు మొగకి వచ్చాక కాళ్ళు అలవాటు కొద్దీ లోపలికి తిరిగాయి. నిలబడి, కాళ్ళని వెనక్కి తిప్పుకుని, బజారు వీధిలోకి నడిచాడు. పాల బళ్ళు తిరుగుతున్నాయి. ఎదుటి విత్తనాల కొట్టువాడు షట్టరు ఎత్తుతున్నాడు. నగరేశ్వరరావు వీధరుగు మీద, చేతుల కుర్చీలో, మెడకి గుడ్డ కట్టుతో పేపరు చదువుతున్నాడు. జగన్నాధం మూడు మెట్లూ ఎక్కి, అరుగు మీద అడపం విప్పాడు.

షావుకారు పేపరు దించాడు. "ఇటొచ్చావేటి?"

"నేర్పడానికొచ్చినాను బాబూ. ఇది నా మొదటి కత్తి. పట్టి సూడండి."

షావుకారు పుచ్చుకున్నాడు. ఈసారి చేతులు ఆడించి బరువు చూడలేదు. అలుగు తెరిచి, చూపుడు వేలు కొస మీద ఆనించాడు. "గుండ్రంగా ఉంది."

"కొత్త సేతికి అదే ఉండాల. కాయల మీద పని అయిపోనాది. నిన్న మీ మొకం మీద మీరు పట్టడం నాను ఒప్పుకోకుండా ఉండవలిసింది. అద్దంలో సూసి పట్టడం ఆకర్ని వచ్చే సదువు. ముందు ఎదటోడి మొకం మీద పట్టాల."

"ఎవరిస్తారయ్యా నాకు ముఖం?"

జగన్నాధం తన గెడ్డం చేత్తో పట్టుకుని చూపించాడు.

షావుకారు కాస్సేపు ఆ గెడ్డం చూశాడు. ఇంతకాలం దాని వైపు ఆయన చూపు పోలేదని ఇద్దరికీ తెలిసింది. "సరే," అన్నాడు. "పద, పెరట్లో కూచుందాం."

"పెరట్లో ఒద్దు బాబూ. అక్కడ నీడ. ఎలుతురు సాలదు."

"ఇన్నేళ్ళూ నువ్వు ఆ నీడలోనే గీశావు కదయ్యా."

"గీసినాను. అందుకే సెప్తన్నాను."

విత్తనాల కొట్టువాడు షట్టరు సగంలో ఆపి ఇటే చూస్తున్నాడు. షావుకారు అతన్ని చూశాడు, వీధిని చూశాడు, చేతిలో కత్తిని చూశాడు. అరుగు మీద ఉన్నది ఒకటే కుర్చీ. అందులో కూచున్నది ఆయన. జగన్నాధం నిలబడే ఉన్నాడు. ఇప్పుడు ఈయన లేవకపోతే తను మెట్లు దిగి ఇంటికి పోతాడు, అడపం మేకుకి తగిలిస్తాడు. అది నిన్ననే తేల్చుకున్నాడు.

నగరేశ్వరరావు పేపరు మడిచి గోడవారన పెట్టి, కుర్చీ చేతుల మీద బరువానించి లేచాడు.

"కూచో," అన్నాడు.

జగన్నాధం కూచున్నాడు. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. షావుకారు అతని మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, గిన్నెలో నురగ లేపి, బ్రష్షుతో పట్టించాడు. కొంచెం చెవిలోకి కూడా పోయింది. ఆయన వేళ్ళు ఇంగువ, బెల్లం వాసనేస్తున్నాయి. ఎడమ చేత్తో చెంప లాగి పట్టాడు, కుడి చేతిలో కత్తి వీపు కొంచెం ఎత్తాడు. మధ్యన ఉన్న ఆ చోటు దొరికింది.

మెడ మీదికి కత్తి వచ్చినప్పుడు జగన్నాధం గుటక మింగబోయి ఆగిపోయాడు. పీక ఇలా ఒకరి చేతికిచ్చి, తల వెనక్కి వాల్చి, ఆకాశం చూస్తూ కూచోవడం ఎలా ఉంటుందో అతను మర్చిపోయి చాలా ఏళ్ళయింది. భయంగానే ఉంది. ఇంతమంది, ఇన్నేళ్ళు, తన ముందు ఇలా కూచున్నారు. కళ్ళు మూసుకున్నాడు.

"గెడ్డం కింద అడ్డంగా ఒద్దు బాబూ. కిందకి."

"ఊఁ. మాట్లాడకు."

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. "నాన్నా," అంది ఆనంద్‌కుమార్ గొంతు. "ఏటిది? వీధిలో అందరూ చూస్తన్నారు."

"పలకరించకు. చెయ్యి కదుల్తాది."

కత్తి సర్రు సర్రుమంటూ దిగుతోంది. గుండ్రటి కొస చెవి కింద తిరిగినప్పుడు చర్మాన్ని రాసుకుంటూ పోయింది, దిగలేదు. నెమ్మదిగా, ప్రతి లాగుకీ అలుగు తుడుచుకుంటూ, షావుకారు పై పెదవి దాకా వచ్చి, ముక్కు పట్టుకుని ఎత్తి, ఆఖరి నురగ తీసేశాడు. తడి తువ్వాలుతో ముఖం తుడిచాడు. ఒక్క గాటు లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు. కొట్లో ఎవరినీ ఆయన ఆ గొంతుతో అడగడు.

జగన్నాధం రెండు చెంపలూ తడిమి చూసుకున్నాడు. "పరవానేదు," అన్నాడు.

లోపల్నుంచి పార్వతీదేవి వచ్చింది. ఎంతసేపటి నుంచి గుమ్మం చాటున ఉందో తెలియదు. ఆ ఇంట్లో గెడ్డం పనయ్యాక గీయించుకున్నవారు ఏదీ ముట్టకుండా స్నానం చెయ్యాలి, గీసినవారు పెరటి దారిన పోవాలి. ఆవిడ కుర్చీలో మనిషినీ, కత్తి పట్టుకున్న మనిషినీ మార్చి మార్చి చూసింది.

"నీళ్ళు కాగాయి," అంది. "ఎవరికి తోడమంటారు?"

"నా నీళ్ళు మా ఇంటికాడున్నాయి అమ్మగారూ," అన్నాడు జగన్నాధం. తరవాత షావుకారు వైపు తిరిగాడు. నవ్వలేదు. గొంతు పెంచలేదు. "బాబుగారు మాత్రం ఈ గుమ్మంలోంచి లోనకి ఎల్లకూడదండి. కత్తి పట్టినోడు పెరటి దారిని ఎల్లాల. ఈ ఇంటి ఆసారం అదే కద."

ఆనంద్‌కుమార్ ఒక అడుగు ముందుకేశాడు. తండ్రి చెయ్యి ఎత్తి ఆపాడు.

నగరేశ్వరరావు కత్తిని తుడిచి, మడిచి, రెండు చేతులతో జగన్నాధం ఒళ్ళో పెట్టాడు. నురగ గిన్నె ఒక చేత్తో, తడి తువ్వాలు ఒక చేత్తో పట్టుకున్నాడు. మెట్లు దిగాడు. విత్తనాల కొట్టువాడు చటుక్కున సంచులు సర్దుకోవడంలో పడ్డాడు. షావుకారు తన ఇంటి గోడ పక్కనే నడిచి, సందు మొగలో ఒక్క క్షణం ఆగాడు. ఆ సందు ఆయనదే. అందులో ఆయన ఎప్పుడూ నడవలేదు.

"కాలవ మీద రెండో రాయి కదుల్తాది బాబూ," అన్నాడు జగన్నాధం కుర్చీలోంచి. "సూసి అడుగెయ్యండి."

షావుకారు తలూపి, పంచె కొంచెం ఎత్తి పట్టుకుని లోపలికి తిరిగాడు. పార్వతీదేవి గబగబా వెనక వైపు నడిచింది, గడియ తియ్యాలి కదా. కాస్సేపటికి ఇల్లు దాటుకుని పెరటి తలుపు కిర్రుమన్న చప్పుడు వచ్చింది. ముందు వైపు నుంచి ఆ చప్పుడు వినడం జగన్నాధానికి అదే మొదలు.

మళ్ళీ చెంపలు తడుముకున్నాడు. కుడి దవడ కింద వేలంత మేర గెడ్డం మిగిలిపోయింది. అక్కడ చర్మం సరిగ్గా లాగలేదు. బుధవారం వచ్చి దిద్దించాలి అనుకుని, కత్తి అడపంలో పెట్టుకున్నాడు. లేవడానికి మాత్రం తొందరపడలేదు.